ధర తగ్గిందంటే ఎంత తగ్గినట్టు? వంటింటి ఉపకరణాల ధరలపై సమీక్ష

పెద్ద షోరూంలో గానీ ఆన్‌లైన్‌లో గానీ మిక్సీకో ఫ్రిజ్‌కో తగిలించిన చీటీ మీద మూడు అంకెలు కనిపిస్తాయి. కొట్టేసిన పాత ధర, దాని కింద ఇప్పుడు అమ్మే ధర, పక్కన పెద్ద అక్షరాల్లో తగ్గింపు శాతం. కొనేవారు చెల్లించేది రెండో అంకె. కొందామా వద్దా అన్నది మాత్రం చాలాసార్లు మూడో అంకెను చూసి తేలిపోతుంది. ఆ శాతం మొత్తం కొట్టేసిన ధర మీదే నిలబడి ఉంటుంది. ఆ ధర ఎక్కడి నుంచి వచ్చింది, ఆ ధరకు ఆ వస్తువును ఎప్పుడైనా ఎవరైనా కొన్నారా అన్నది తెలియకపోతే శాతానికి అర్థం లేదు. అందుకే ధరల మీద కన్నేసి ఉంచడమంటే ఆఫర్ల కోసం కాచుకు కూర్చోవడం ఒక్కటే కాదు. ఒక వస్తువు నిజంగా ఏ ధరలకు అమ్ముడవుతూ వచ్చిందో కొంతకాలం రాసిపెట్టుకుని, ఈరోజు ధరను ఆ వరసలో పెట్టి చూడాలి.

మన దేశంలో కొట్టేసిన ధర చాలావరకు ఎమ్మార్పీయే. అన్ని పన్నులూ కలుపుకొని గరిష్ఠ చిల్లర ధరను పెట్టె మీద ముద్రించాలన్న నియమం 1990లో వచ్చింది. అంతకుముందు పెట్టె మీద ధర వేసి 'స్థానిక పన్నులు అదనం' అని రాసేవారు. ఆ అదనం ఎంతో దుకాణదారు చెప్పిందే లెక్క. ఆ దోపిడీని ఆపడానికి పుట్టినదే ఎమ్మార్పీ. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం, 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు ఇప్పుడు దీనికి ఆధారం. ముద్రించిన ధరకు మించి అమ్మితే నేరం. ఆన్‌లైన్ అమ్మకాల పేజీలోనూ ఎమ్మార్పీ చూపాలన్న నిబంధన 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.

ఇక్కడే ఒక పెద్ద ఖాళీ ఉంది. ఎమ్మార్పీని మించకూడదని చట్టం చెబుతుంది గానీ, ఆ ఎమ్మార్పీని ఎంత పెట్టాలో చెప్పదు. మందుల్లాంటి కొన్ని వస్తువుల మీద తప్ప ఆ అంకె తయారీదారు ఇష్టం. మూడు వేల ఎనిమిది వందలకు అమ్ముదామనుకున్న మిక్సీ పెట్టె మీద ఏడు వేలు ముద్రిస్తే ఏ నిబంధనా అడ్డురాదు. కొనేవారిని కాపాడటానికి వచ్చిన అంకె తగ్గింపు శాతాన్ని పెంచి చూపే మెట్టుగా మారిపోయింది. డీలర్ల మధ్య నడిచే మాటల్లో ఎమ్మార్పీకి పెద్ద విలువ లేదు. వాళ్లు చూసేది ఎంఓపీ, అంటే మార్కెట్ ఆపరేటింగ్ ప్రైస్. కంపెనీ తన డీలర్లందరూ ఇంచుమించు ఇంతకే అమ్మాలని అనుకునే ధర అది. షోరూంలో 'లాస్ట్ ప్రైస్ చెప్పండి' అని అడిగితే మొదలయ్యే బేరమంతా ఎంఓపీకి కాస్త అటూ ఇటూనే తిరుగుతుంది. అసలైన తగ్గింపును కొలవాలంటే ఎమ్మార్పీ నుంచి కాక ఈ మామూలు ధర నుంచి కొలవాలి. అది ఎక్కడా ముద్రించి ఉండదు కాబట్టి కొనేవారే కనిపెట్టుకోవాలి.

కొట్టేసిన ధర మనిషి నిర్ణయాన్ని ఎంతగా లాగుతుందో అమెరికాలోని జేసీ పెన్నీ ఉదంతం చెబుతుంది. ఆ సంస్థ సీఈఓగా వచ్చిన రాన్ జాన్సన్ 2012లో కూపన్లూ, ఎడతెగని 'సేల్'లూ తీసేసి, రోజూ ఒకే తక్కువ ధర అనే పద్ధతి పెట్టారు. ఆ ఏడాది అమ్మకాలు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. 2013 ఏప్రిల్‌లో ఆయన పదవి పోయింది, కూపన్లు తిరిగొచ్చాయి. ధర తక్కువైనా సరే, 'తగ్గింది' అని కనిపించకపోతే జనం కదలలేదు. అమ్మేవారు ఈ పాఠాన్ని బాగా వంటబట్టించుకున్నారు.

ఆ పాఠం అబద్ధం దాకా వెళ్లిన సందర్భాలూ కోర్టు రికార్డుల్లో ఉన్నాయి. ఓవర్‌స్టాక్ అనే ఆన్‌లైన్ సంస్థలో ఒక కొనుగోలుదారు పెరటి కుర్చీల సెట్టును 449 డాలర్లకు కొన్నారు. పేజీలో దాని అసలు ధర 999 డాలర్లని ఉంది. పెట్టె ఇంటికి వచ్చాక చూస్తే దాని మీద వాల్‌మార్ట్ చీటీ, ధర 247 డాలర్లు. ఇలాంటి కల్పిత పోలిక ధరల మీద కాలిఫోర్నియా కోర్టు 2014లో ఆ సంస్థకు 68 లక్షల డాలర్ల జరిమానా వేసింది. సరఫరాదారులు ఇచ్చిన 'లిస్ట్ ప్రైస్' నిజమో కాదో చూడకుండానే పేజీలో పెట్టి తగ్గింపు చూపినందుకు 2017 జనవరిలో అమెజాన్ కెనడా విభాగం పది లక్షల కెనడా డాలర్లు చెల్లించింది. ఆస్ట్రేలియాలో కోగన్ అనే సంస్థ 2018 జూన్ చివర్లో 10 శాతం తగ్గింపు ప్రకటించింది. అంతకు కాస్త ముందు 621 వస్తువుల ధరలు పెంచింది, వాటిలో చాలావాటికి పెంపు కనీసం 10 శాతం. అక్కడి ఫెడరల్ కోర్టు 2020లో మూడున్నర లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది. ఈ మూడు కేసుల్లోనూ తగువు అమ్మిన ధర మీద కాదు, దేనితో పోల్చి చూపారన్న దాని మీద.

అయితే ధరలు నిజంగా తగ్గే సందర్భాలు లేకపోలేదు. వాటి కారణాలు తెలిస్తే ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు ఆగి లాభం లేదో తెలుస్తుంది.

మొదటిది పన్ను. తెలుగు ఇళ్లకు బాగా పరిచయమైన రాతి వెట్ గ్రైండర్ చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. 2017 జూలైలో జీఎస్టీ మొదలైనప్పుడు దాని మీద పన్ను 28 శాతం. ఆ నవంబరులోనే 12 శాతానికి దిగింది. 2019లో 5 శాతమైంది. 2022 జూలై 18 నుంచి ఒక్కసారిగా 18 శాతానికి పెరిగింది. పన్ను కలపక ముందు ఐదు వేల రూపాయలుండే గ్రైండర్ ఈ లెక్కన 6,400 నుంచి 5,600కు, అక్కడి నుంచి 5,250కి దిగి, మళ్లీ 5,900కు ఎక్కాలి. అదే రాయి, అదే మోటారు. 2021లో కొన్న ధరను గుర్తు పెట్టుకుని 2023లో 'షాపువాళ్లు పెంచేశారు' అనుకున్నవారికి ఆ పెంపులో అసలు భాగం ఎవరిదో తెలియలేదు. మిక్సీలకు, ఫ్రిజ్‌లకు 28 నుంచి 18 శాతానికి తగ్గింపు 2018 జూలై 27న వచ్చింది. డిష్‌వాషర్లకు అదే తగ్గింపు 2025 సెప్టెంబరు 22న, సరిగ్గా నవరాత్రుల ముంగిట దక్కింది.

పన్ను తగ్గింపును లెక్కగట్టేటప్పుడు ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. 28 నుంచి 18కి దిగితే ధర 10 శాతం తగ్గాలని చాలామంది ఆశిస్తారు. పన్ను వేయకముందు ముప్పై వేలుండే డిష్‌వాషర్ 38,400 నుంచి 35,400కు దిగుతుంది. మూడు వేలు తగ్గింది, అంటే పాత ధరలో 7.8 శాతం. అంతకంటే ఎక్కువ తగ్గితే అది అమ్మేవారు ఇచ్చినది, తక్కువ తగ్గితే వారు ఉంచుకున్నది. పన్ను తగ్గింపును కొనేవారికి అందించకపోతే ఫిర్యాదు చేయడానికి 2017లో పెట్టిన లాభాపేక్ష నిరోధక వ్యవస్థ 2025 ఏప్రిల్ నుంచి కొత్త ఫిర్యాదులు తీసుకోవడం ఆపేసింది. కొన్ని నెలలకే అంత పెద్ద పన్ను కోత వచ్చింది. అది వచ్చిన వేళకు ఆ తలుపు మూసి ఉండటం విచారకరం. పన్ను మారిన నాటి ముందూ వెనకా ధరలు రాసి పెట్టుకున్నవారికే ఎంత అందిందో తెలిసింది.

రెండోది మోడల్ పాతబడటం. ఫ్రిజ్‌ల విషయంలో ఇది చుక్కల (స్టార్) లేబుల్‌తో ముడిపడి ఉంది. విద్యుత్ పొదుపు ప్రమాణాలను నిర్ణయించే కేంద్ర సంస్థ బీఈఈ కొన్నేళ్లకోసారి చుక్కల ప్రమాణాన్ని బిగిస్తుంది. ఫ్రిజ్‌లకు 2023 జనవరిలో అలా బిగించింది. ప్రమాణం మారగానే నిన్నటి ఐదు చుక్కల ఫ్రిజ్ అదే కరెంటు తాగుతూ కొత్త లెక్కలో కింది మెట్టుకు దిగుతుంది. అందుకే మార్పుకు ముందు నెలల్లో పాత లేబుల్ సరుకును డీలర్లు వదిలించుకోవాలని చూస్తారు. ఇది నిజమైన తగ్గింపే, వస్తువులో లోపం వల్ల వచ్చింది కాదు. లేబుల్ మీద చుక్కలతోపాటు అది చెల్లే కాలం, ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయో కూడా ఉంటాయి. చుక్కలను పక్కన పెట్టి యూనిట్లు చూస్తే పోలిక తేలిక. ఒకటి 200 యూనిట్లు, ఇంకొకటి 250 యూనిట్లు అనుకుంటే, యూనిట్ ఎనిమిది రూపాయల చొప్పున ఏడాదికి 400 రూపాయల తేడా. పదేళ్లు వాడే వస్తువు మీద అది నాలుగు వేలు. రెండు వేలు తగ్గిందని ఎక్కువ కరెంటు తాగే ఫ్రిజ్‌ను తెచ్చుకుంటే ఆ తగ్గింపు కరెంటు బిల్లులో కలిసిపోతుంది.

మూడోది కాలం. తెలుగు రాష్ట్రాల్లో వంటింటి సరుకుల అమ్మకం పంచాంగంతో నడుస్తుంది. మాఘ, ఫాల్గుణ, వైశాఖ, శ్రావణ మాసాల్లో పెళ్లిళ్లు, వాటితో సారె సామాన్లు. ఫ్రిజ్, మిక్సీ, గ్రైండర్, స్టవ్ ఒకే కుటుంబం ఒకే రోజు కొంటుంది. ఆ వేళ గిరాకీ గట్టిది, షాపు దిగిరావాల్సిన అవసరం తక్కువ. అయితే నాలుగైదు వస్తువులు ఒకే బిల్లులో కొనేవారికి విడి ధరల్లో దొరకని వెసులుబాటు దొరుకుతుంది, అడిగితేనే. ఆషాఢంలో ముహూర్తాలు లేక బజారు చల్లబడుతుంది. చీరల దుకాణాలతో మొదలైన ఆషాఢం ఆఫర్లు ఎలక్ట్రానిక్స్ షోరూంలకూ పాకాయి. ఎండలు ముదిరాక ఫ్రిజ్ కొనబోతే బేరానికి చోటు ఉండదు. చలికాలంలో అదే షోరూంలో మాట మెత్తగా ఉంటుంది.

ఆన్‌లైన్‌లో క్యాలెండర్ వేరు. ఫ్లిప్‌కార్ట్ 2014 అక్టోబరు 6న 'బిగ్ బిలియన్ డే' పెట్టింది. ఆ రోజు సరుకు నిమిషాల్లో అయిపోవడం, ఆర్డర్లు రద్దు కావడం, ధరలు ఉన్నట్టుండి మారడం మీద జనం మండిపడ్డారు. మర్నాడు వ్యవస్థాపకులు క్షమాపణ లేఖ పంపారు. ధరల మార్పులను ఆ లేఖలో ప్రత్యేకంగా ప్రస్తావించారు. ఏడాది తిరిగేసరికి అమెజాన్ తన పండగ సేల్ మొదలుపెట్టింది. 2017 జూలై నుంచి ప్రైమ్ డే తోడైంది. ఇప్పుడు దసరా ముందు, గణతంత్ర దినం, స్వాతంత్ర్య దినం అనే మూడు మజిలీలు స్థిరపడ్డాయి. పెద్ద గొలుసు షోరూంలు ఆ రోజుల్లో చేతులు ముడుచుకు కూర్చోవు. 1980లో హైదరాబాద్‌లో ఒక్క దుకాణంగా మొదలై, 2022లో ఎలక్ట్రానిక్స్ మార్ట్ ఇండియా పేరుతో స్టాక్ మార్కెట్‌కు వెళ్లిన బజాజ్ ఎలక్ట్రానిక్స్ గానీ, టాటాల క్రోమా గానీ, రిలయన్స్ డిజిటల్ గానీ అదే వారం పత్రికల మొదటి పేజీల్లో కనిపిస్తాయి. ఆన్‌లైన్ ధరను ఫోన్‌లో చూపి షోరూంలో అడగడం ఇప్పుడు మామూలు బేరసారం. చాలా షోరూంలు దగ్గరదగ్గరగా వస్తాయి కూడా.

వీటన్నిటికీ అడుగున రోజువారీ కదలిక ఒకటుంది. ఆన్‌లైన్‌లో ఒకే వస్తువును పలువురు అమ్ముతారు. వాళ్ల ధరలను సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని చూసి ఒకటి సవరిస్తూ ఉంటుంది. ఉదయం 3,949 ఉన్నది సాయంత్రానికి 3,799 కావచ్చు, తెల్లారి 4,099 కావచ్చు. ఒకే వస్తువుకు వేర్వేరు మనుషులకు వేర్వేరు ధర చూపారన్న అనుమానం కూడా పాతదే. అమెజాన్ 2000 సెప్టెంబరులో డీవీడీల మీద ధరల ప్రయోగం చేసి, విషయం బయటపడగానే 6,896 మందికి సగటున 3 డాలర్ల 10 సెంట్ల చొప్పున వెనక్కి ఇచ్చింది. రోజువారీ ఊగిసలాటలో ఒక్క దిగుడు చూసి 'తగ్గింది' అనుకోవడం తొందరపాటు. కనీసం రెండు మూడు నెలల వరస కావాలి.

ఆ వరసను పట్టుకునే దారులు రెండు. ఒకటి చేత్తో రాసుకోవడం. కావలసిన వస్తువును బండిలో, అంటే ఆన్‌లైన్ కార్ట్‌లో వేసి ఉంచి, వారానికి రెండుసార్లు తేదీ, ధర, అమ్మేవారి పేరు, డెలివరీ ఖర్చు రాసుకోవాలి. షోరూం ధర అయితే కొటేషన్ చీటీ మీద మోడల్ నంబరు రాయించి తెచ్చుకోవాలి. ఓపిక కావాలి గానీ, ఈ పద్ధతిలో దొరికే సమాచారం అన్నిటికంటే నమ్మదగినది. ఎందుకంటే ఆ పిన్‌కోడ్‌కు, ఆ కార్డుకు పడే నిజమైన ధర అందులో ఉంటుంది.

రెండోది యంత్రానికి అప్పగించడం. అమెజాన్ వస్తువుల ధరల చరిత్రను గీతలుగా గీసి చూపే కీపా, అమెరికా తదితర దేశాల్లో ఎక్కువగా వాడే క్యామెల్‌క్యామెల్‌క్యామెల్, మన దేశంలో బైహాట్‌కే ఈ కోవలోవి. ప్రతి వస్తువుకు అమ్మకపు వేదిక ఇచ్చిన ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. సాధనం ఆ పేజీని పదేపదే తెరిచి, అప్పటి ధరను తేదీ, వేళతో సహా దాచుకుంటుంది. కోరుకున్న ధరకు దిగగానే కబురు పంపుతుంది. ఇదే పద్ధతిలో ఆన్‌లైన్ ధరలను కుప్పలు తెప్పలుగా సేకరించి ద్రవ్యోల్బణాన్ని కొలవవచ్చని ఎంఐటీలో ఆల్బెర్టో కవాలో, రొబెర్టో రిగొబాన్ 2008లో మొదలుపెట్టిన బిలియన్ ప్రైసెస్ ప్రాజెక్ట్ నిరూపించింది. పది దేశాల్లోని 56 పెద్ద రిటైల్ సంస్థలను పోల్చి, అదే సంస్థ ఆన్‌లైన్ ధరా దుకాణం ధరా 72 శాతం సందర్భాల్లో ఒకటేనని కవాలో 2017లో ప్రచురించారు. ఒక సంస్థ ఆన్‌లైన్ ధరను గమనిస్తే దాని దుకాణం ధర కూడా చాలావరకు తెలిసినట్టే అన్నమాట. బేరం ఆడే మన షోరూంలకు దీన్ని యథాతథంగా అన్వయించడం మాత్రం కుదరదు.

ఈ గీతలు చూపని సంగతులు కొన్ని ఉన్నాయి. బ్యాంకు కార్డు తగ్గింపు, టిక్కు పెడితే వచ్చే కూపన్, పాత వస్తువు మార్పిడి విలువ గీతలోకి సాధారణంగా రావు. మూడు జార్ల మిక్సీ, నాలుగు జార్ల మిక్సీ ఒకే పేజీలో ఉంటే రెండింటి చరిత్ర కలిసిపోయే ప్రమాదం ఉంది. ఎవరో ఒక అమ్మకందారు రెండు గంటలు పెట్టి తీసేసిన ధర కూడా 'ఇప్పటివరకు అతి తక్కువ' అని నిలిచిపోతుంది. అందువల్ల అట్టడుగు ధరను లక్ష్యంగా పెట్టుకోవడం కంటే, ఎక్కువ రోజులు నిలిచిన ధరను మామూలు ధరగా తీసుకోవడం మేలు.

ఒక ఊహా లెక్కతో ఇది తేటపడుతుంది. ఒక 750 వాట్ల మిక్సీ ఎమ్మార్పీ 7,000. జూన్ నుంచి ఆగస్టు చివరి దాకా చాలా రోజులు 3,900 దగ్గర ఉంది. సెప్టెంబరు మొదటి వారంలో 4,600కు ఎక్కింది. నెల చివరి పండగ సేల్‌లో 3,800 అయింది. పేజీలో '46 శాతం తగ్గింపు' అని ఉంటుంది, ఏడు వేల మీద లెక్క కడితే అది తప్పు కాదు. కిందటి వారం చూసినవారికి 800 తగ్గినట్టు, అంటే 17 శాతం పైన తగ్గినట్టు కనిపిస్తుంది. మూడు నెలల మామూలు ధరతో పోలిస్తే తగ్గింది వంద రూపాయలు, రెండున్నర శాతం చిల్లర. మూడు లెక్కలూ కూడికలో సరైనవే. ఇంటి ఖర్చుకు పనికొచ్చేది మూడోది. మిక్సీ పాడై అత్యవసరమైతే జూలైలోనే కొనుక్కోవచ్చు, పండగ దాకా పక్కింటి మిక్సీ మీద ఆధారపడితే మిగిలేది వందే.

చెల్లించే మొత్తం దగ్గరికొస్తే లెక్క ఇంకో మలుపు తిరుగుతుంది. 'పది శాతం తక్షణ తగ్గింపు' కింద చిన్న అక్షరాల్లో 'గరిష్ఠంగా 1,500' అని ఉంటుంది. 28 వేల ఫ్రిజ్ మీద పది శాతమంటే 2,800 రావాలి. వచ్చేది పదిహేను వందలు, అంటే 5.4 శాతం. వడ్డీలేని వాయిదాలు, అదే నో కాస్ట్ ఈఎంఐ, ఇంకాస్త జాగ్రత్తగా చూడాల్సినవి. సున్నా వడ్డీ అన్న భావనే లేదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు లాంటి ముసుగులో వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పటి పద్ధతిలో వడ్డీ ఎంతో అంత ముందే ధరలో తగ్గించి, వాయిదాల్లో మళ్లీ వసూలు చేస్తారు. ముప్పై వేల ఫ్రిజ్‌ను ఆరు నెలలు నెలకు ఐదు వేల చొప్పున కడితే, ఏడాదికి 15 శాతం వడ్డీ లెక్కన అందులో వడ్డీ సుమారు 1,270 రూపాయలు. కార్డు బ్యాంకు ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, దాదాపు 229 రూపాయలు వేస్తుంది. పైన ప్రాసెసింగ్ ఫీజు వేరు. ఒకేసారి కట్టేవారికి ఇచ్చే తగ్గింపు వాయిదాలవారికి అందకపోతే ఆ మొత్తమూ కలుపుకోవాలి. వాయిదాలు అవసరమైనవారికి ఇది చెడ్డ బేరమేమీ కాదు, కాకపోతే ఉచితం కాదు.

పాత వస్తువు మార్పిడిలోనూ అంతే. పాత ఫ్రిజ్‌కు మూడు వేలు ఇస్తామన్న షాపు కొత్తదాని ధర రెండు వేలు ఎక్కువ చెబితే పాతదానికి దక్కింది వెయ్యి. మార్పిడి లేకుండా ధర ఎంతని ముందు అడిగి, తర్వాత పాత వస్తువు సంగతి ఎత్తాలి. చిమ్నీకి బిగింపు ఖర్చు, గొట్టాల ఖర్చు, ఫ్రిజ్‌కు మేడమీదికి మోసే కూలి కూడా కొందరు బిల్లు చివర్లో చేరుస్తారు. పోల్చేది ఎప్పుడూ ఇంట్లో బిగించి నడిచేదాకా అయ్యే మొత్తాన్నే.

పోలుస్తున్నది ఒకే వస్తువునా కాదా అన్నది తేల్చుకోకపోతే ఇంత శ్రమా వృథా. కంపెనీలు ఆన్‌లైన్‌కు ఒక మోడల్, గొలుసు షోరూంలకు ఒక మోడల్ విడిగా ఇస్తాయి. రంగూ ఆకారమూ ఒకటే, నంబరు చివరి అక్షరాలు వేరు. ఆ తేడాలో ఒక జార్ తక్కువ కావచ్చు, గాజు అరకు బదులు తీగ అర కావచ్చు, వారంటీ ఐదేళ్లకు బదులు రెండేళ్లు కావచ్చు. నంబరు వేరైతే 'అక్కడ తక్కువకు ఇస్తున్నారు' అన్న మాట కౌంటర్‌లో చెల్లదు. ఓపెన్ బాక్స్, డిస్‌ప్లే పీస్, రీఫర్బిష్డ్ అని రాసినవాటి ధరను కొత్తవాటితో కలిపి చూడకూడదు.

ధర పడిపోయిన కుక్కర్ కనిపిస్తే ముందు దాని మీద ఐఎస్‌ఐ గుర్తు చూడాలి. ఇంటి ప్రెషర్ కుక్కర్లకు ఆ గుర్తు 2021 ఫిబ్రవరి 1 నుంచి తప్పనిసరి. ఆ ప్రమాణం లేని కుక్కర్లను తమ వేదిక మీద అమ్మనిచ్చినందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 ఆగస్టులో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లకు చెరో లక్ష రూపాయల జరిమానా వేసి, అమ్మినవాటిని వెనక్కి రప్పించి డబ్బు తిరిగివ్వాలని ఆదేశించింది. ఆ ఆదేశాల ప్రకారం అమెజాన్‌లో అమ్ముడైనవి 2,265, ఫ్లిప్‌కార్ట్‌లో 598. ఆవిరి ఒత్తిడితో పొయ్యి మీద కూర్చునే పాత్ర విషయంలో మూడు వందల తగ్గింపు ఒక లెక్క కాదు.

కొన్న తర్వాత ధర తగ్గితే ఏం చేయాలన్నది మన దగ్గర దాదాపు అడగని ప్రశ్న. అమెరికాలో కాస్ట్‌కో వంటి సంస్థలు కొన్న 30 రోజుల లోపు తమ దగ్గరే ధర తగ్గితే తేడా ఇచ్చేస్తాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ అలవాటు బాగానే తెలుసు. బిల్లు తేదీని ఫోన్‌లో గుర్తు పెట్టుకుని నెల లోపు ఒకసారి ధర చూసుకుంటారు. అలాంటి సౌకర్యాలు శాశ్వతం కావు. అమెజాన్, వాల్‌మార్ట్ ధరలతో సరిచేసే పద్ధతిని టార్గెట్ 2025 జూలైలో ఆపేసింది. మన ఆన్‌లైన్ వేదికల్లో చాలా ఉపకరణాలకు 'మార్చి ఇవ్వడం మాత్రమే' అన్న షరతు ఉంటుంది, తిప్పి పంపి మళ్లీ తక్కువకు కొనుక్కోవడం కుదరదు. అందుచేత ఇక్కడ గమనింపు అంతా కొనకముందే జరగాలి.

చివరగా చట్టం. యూరోపియన్ యూనియన్ ఈ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చింది. 2022 మే 28 నుంచి అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం, తగ్గింపు ప్రకటించేవారు అంతకుముందు 30 రోజుల్లో తాము అమ్మిన అతి తక్కువ ధరను చూపాలి. అది చూపి, శాతాన్ని మాత్రం వేరే ధర మీద లెక్కగట్టడం కుదరదని, శాతం కూడా ఆ 30 రోజుల కనిష్ఠ ధర మీదే కట్టాలని యూరప్ న్యాయస్థానం 2024 సెప్టెంబరు 26న జర్మనీలోని ఆల్డి సూడ్ కేసులో తేల్చింది. పైన చెప్పిన మిక్సీకి ఈ నియమం వర్తిస్తే పేజీలో 46 శాతం అని రాయడానికి వీలుండదు. పండగకు ముందు పెంచి తర్వాత దించడం కూడా వ్యర్థమవుతుంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1964 నాటి మార్గదర్శకాలు పాత ధర నిజంగా, తగినంత కాలం అమ్మకానికి పెట్టినదై ఉండాలంటాయి గానీ రోజుల లెక్క పెట్టలేదు.

భారత్‌లో అలాంటి పోలిక ధర నియమం లేదు. ఉన్నవి చుట్టుపక్కల నియమాలు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయవచ్చు. సరుకు లేకుండా తక్కువ ధర చూపి రప్పించే ఎర ప్రకటనల మీద 2022 జూన్‌లో మార్గదర్శకాలు వచ్చాయి. 2023 నవంబరు 30 నాటి డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు పదమూడు మాయలను పేరుపెట్టి నిషేధించాయి. 'ఇంకా రెండే మిగిలాయి' అనే అబద్ధపు తొందర, చివరి మెట్టులో ఖర్చులు బయటపెట్టడం, అడగని వస్తువును బండిలో చేర్చడం వాటిలో ఉన్నాయి. ఈ పట్టికలో ఎన్నడూ అమ్మని ధరను కొట్టేసి చూపడం విడిగా లేదు. ముప్పై రోజుల కనిష్ఠ ధరను పేజీలో చూపాలన్న ఒక్క వాక్యం నిబంధనల్లో చేరితే కోట్ల మందికి ఈ రాసుకునే శ్రమ చాలావరకు తప్పుతుంది. వేదికల దగ్గర ఆ లెక్క క్షణాల్లో దొరికేదే కాబట్టి వారికి భారం కూడా కాదు.

అప్పటిదాకా ఫిర్యాదు చేయదలచినవారికి ఆధారం వారి చేతిలోని నమోదే. ధర చూపిన పేజీని తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచాలి, పెట్టె మీది ఎమ్మార్పీ, మోడల్ నంబరు ఫొటో తీయాలి, బిల్లు దాచాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనూ ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే దరఖాస్తు రుసుము లేదు, వంటింటి ఉపకరణాలన్నీ ఆ పరిధిలోకే వస్తాయి.